పేలిక కట్టిన అనప చెట్లు

మొన్న ఎండలు మండుతుంటే మా ఆఫీసోళ్లు అందర్ని బస్సుల ఎక్కించి పాల్మాకుల అవతల ఉన్న ఒక హోటల్‌కు తీస్కపోయిండ్రు. హోటల్ అంటే వాళ్లకు కోపమొస్తదట, ‘తోట’ అనాలెనట. తోటల చెట్లు లేవు గాని గోడలకు చాటలు కొట్టిండ్రు. ఎడ్లబండి గీర పండబెట్టి, మీద అద్దమేసి, దాన్ని టేబుల్ అన్నరు. నాగలికి పచ్చరంగు పూసి చేతులు కడుక్కునే కాడ నిలబెట్టిండ్రు. గంత ఎండల వడ్డించేటోళ్ల భుజాల మీద గొంగళ్లు వేయించిండ్రు, వాళ్ల చెమట చూస్తే నాకే ఉక్కపోసింది. గొంగడి ఏ కాలంల కప్పుకుంటరో తెల్వనోళ్లు, ఏ కాలంల ఏం తినాలెనో మాకు చెప్తరట.

దర్వాజ కాడ నల్లబోర్డు మీద సుద్దముక్కతోని ‘ఈ కాలం పంట, ఈ ఊరి వంట’ అని రాసిండ్రు. దాని కింద మొదటి పేరే అనపకాయ గుడాలు, అంటే ఉడకబెట్టిన అనపగింజలు. నేను రెండుసార్లు చదివిన. అనపకాయ అంటే సోరకాయ కాదు, చిక్కుడు జాతిది, చలికాలంది. మంచు పడితేనే దానికి వాసన, మంచు పోతే అది కూడ పోతది. నడి ఎండకాలంల ఈళ్లకు ఏ చేన్ల కాసిందో, ఏ పెట్టెల గడ్డకట్టి ఎన్ని నెలలు పండుకున్నదో ఆ బోర్డు మీద రాయలే.

చిన్న మట్టి గురిగిల ఇరవై గింజలు తెచ్చిపెట్టి, ఒకాయన చేతులు కట్టుకొని నిలబడి అనపకాయ అంటే ఏందో మాకు పాఠం చెప్పిండు. మా వాళ్లు తలలూపుకుంట విన్నరు, ఫోటోలు తీసుకున్నరు. మా మేనేజర్ సారు కృష్ణా జిల్లా మనిషి, మర్యాదస్తుడు. ఆయన నా దిక్కు తిరిగి, “మీది ఈ పక్క ఊరే కదండీ. మీరు చెప్పండి, మీ ఇంట్లో చేసినట్టే ఉందా?” అని అడిగిండు. ఎనిమిది మంది తినుడు ఆపి నన్నే చూసిండ్రు. నా నోట్ల అప్పటికే నాలుగు గింజలున్నయి.

నేనేం జవాబిచ్చిన్నో చెప్త. కాని ముందు మా నాయినమ్మ సంగతి చెప్పకుంటే ఆ జవాబు ఎంత నీచమైందో తెల్వదు.

మా ఊరు ఏర్పోర్టు కంచెకు ఇవతలి దిక్కు ఉండె. గాలిమోటర్లు మా చేను మీదికెళ్లి దిగుడు షురువై రెండేండ్లయింది నాకు పదకొండేండ్లొచ్చేటప్పటికి. కొత్తల ఊరంత మెడలెత్తి చూసేది. మా నాయినమ్మ ఒక్కతే చూడలే. గంతమంది గాలిల తిరిగి తిరిగి వచ్చి మళ్ల అన్నమే తింటరు గదా అనేది.

ఆమెకు లోకంల నచ్చినోళ్లు తక్కువ. మా అమ్మ వంట నచ్చకపోయేది, మా బాపు వ్యవసాయం నచ్చకపోయేది, శంషాబాద్ బజార్ల కూరగాయలమ్మేటోళ్లయితే మనుషులే కాదు ఆమె లెక్కల. ఎండకాలంల ఎవరింట్ల గోబిపువ్వు కనబడ్డా, ఏం రోగమొచ్చిందే మీకు అని మొఖం మీదనే అడిగేది. చుట్టాలొచ్చిన్నాడు కూడ ఆమె చేను ఏమిస్తే అదే వండేది. తొలకరి పడ్డంక గట్ల మీది చెంచలికూర, గంగవాయిలి కూర. పుంటికూర, అదే గోంగూర, ఎదిగినంక పొద్దుమాపు పుంటికూరనే, పండ్లు పులిసేదాక. ఆ వెనక మక్కకంకులు, చేను దోసకాయలు. జొన్న పాలు పోసుకొని గింజ మెత్తగున్నప్పుడు చేన్లనే నిప్పులేసి కంకులు కాల్చి, గోనెసంచిల వేసి నలిపి, ఊసబియ్యం ఊది నా దోసిట్ల పోసేది, ఇంత బెల్లంగడ్డ తోడు. ఎండకాలమొస్తే అంబలి, ఉల్లిగడ్డ, మామిడికాయ తొక్కు. ఇంకొకటి అడిగితే వినపడనట్టు పోయేది.

ఇదంతా ఇప్పుడు చెప్తుంటే నోరూరుతున్నదనుకుంటున్నరేమో. అప్పుడు నాకు ఏడుపొచ్చేది. బడిల నా డబ్బా మూత తీస్తే జొన్నరొట్టె, పక్కపోరి మూత తీస్తే పొట్లంల సేమ్యాలు. నేను డబ్బాను ఒళ్లో పెట్టుకొని, మూత చాటున దాచుకొని తినేదాన్ని. మా తిండి అంటే నాకు షరం. ఇప్పుడు దాన్నే గోడలకు చాటలు కొట్టి అమ్ముతుంటే నవ్వొస్తది, గాని ఆ దాచుకున్న పిల్ల ఎవరో నేను మరిచిపోలే.

చలి ముదిరి అనప కాయ పట్టిందంటే మాత్రం నాకు ఇజ్జత్ దొరికేది. ఎందుకంటే విత్తనం ఏరే పని నా నాలుకది.

గిట్ల చేసేది నాయినమ్మ. పొద్దున మంచు తడి ఆరకముందు చేన్లకు పోయి, బాగ కాసిన చెట్లను చూసి, ఒక్కో చెట్టు నుంచి పిడికెడు కాయ తెంపేది. ఒక చెట్టు కాయ ఇంకో చెట్టు కాయతోని కలవనియ్యకపోయేది. గట్టు మీద మూడు రాళ్ల పొయ్యి పెట్టి, ఒక్కో పిడికెడు ఒక్కో గురిగిల వేసి, ఉప్పేసి ఉడకబెట్టేది. నన్ను గోనెసంచి మీద కూసోబెట్టి గురిగిలన్ని వరుసగ పెట్టేది. ఏ గురిగి ఏ చెట్టుదో ఆమెకొక్కదానికే ఎరుక. నేను కాయను పండ్ల మధ్యల పెట్టి గుంజి, గింజలు నమిలి, నీళ్లు పుక్కిలించి, ఇంకో గురిగి చూసేదాన్ని. తియ్యగున్నదా, వెన్నలెక్క కరిగిందా, తోలు నోట్ల మిగిలిందా అన్ని ఆమె అడిగేది. నేను వేలు పెట్టి చూపిన గురిగి ఏ చెట్టుదో, ఆ చెట్టుకు తన పాత ఎర్రచీర పేలిక చింపి కట్టేది. ఇగ ఆ చెట్టును ఎవరు ముట్టొద్దు. కాయ చెట్టు మీదనే ఎండి, ఊపితే గింజ గలగలమనాలె. అప్పుడు తెంపి, బూడిదల కలిపి, ఎండిన సోరబుర్రల పోసి, మూతికి పేడ మెత్తి అటుక మీద పెట్టేది. మల్లొచ్చే ఏడు చేనంత ఆ విత్తనమే.

ముసలామె నాలుక ఏమైందని అడుగుతరేమో. ఆకు, వక్క, తంబాకు నమిలి నమిలి ఆమెకు ఉప్పుకు కారానికి తేడ తెల్వని గతి పట్టింది. ఇంట్ల రోజు కూర దించినంక ఉప్పు సరిపోయిందా అని నన్నే అడిగేది. నేను చాలదంటే వేసేది, మా అమ్మ చాలదంటే వేసేది కాదు. మా అమ్మకు అది మండేది.

దీనికొక కట్టుబాటుండె మా ఇంట్ల. కంచం ముందర కూసున్నోళ్లు తిండి మీద అబద్ధం ఆడొద్దు. చేదుంటే చేదనాలె, మాడితే మాడిందనాలె, వండినోళ్లు అలిగితే అలగనీ. చుట్టాలు మొహమాటానికి బాగుంది బాగుంది అంటే, నాయినమ్మ వాళ్లెదుటనే ఆ కూర తీసి బర్రె కుడితిల పోసిన రోజులున్నయి.

ఆ కట్టుబాటు ఎందుకో నాకు ఏడేండ్లప్పుడు తెలిసింది. చేను దోసకాయలు ముక్కలు కోసి నా ముందర పెట్టింది. అవతల పిలగాండ్లు పిలుస్తున్నరు, నాకు తొందర. మూడో ముక్క కసచేదు. అయినా, ఇదే తియ్యగున్నదని చెప్పి ఉరికిన. ఆమె నన్ను నమ్మి ఆ తీగ కాయనే విత్తనానికి ఉంచింది. మల్లొచ్చే ఏడు మా చేన్ల కాసిన ప్రతి దోసకాయ చేదే. నాయినమ్మ కొట్టలే. ఆ కాలమంత రోజొక దోసకాయ కోసి నా కంచంల పెట్టి, తినేదాక ఎదురుగ కూసున్నది. అప్పటిసంది నేను ఆమె ముందర తిండి మీద అబద్ధం ఆడలే.

నాకు పదకొండేండ్లున్నప్పుడు మా బాపు చేను ఇచ్చేసిండు, ప్లాట్లు కొట్టేటోళ్లకు. చుట్టుపక్కల అందరు ఇచ్చినంక మనదొక్కటి నడిమిట్ల ఏం చేసుకుంటవే అని నాయినమ్మను ఒప్పిచ్చిండు. ఒప్పిచ్చిండు అంటే, సంతకమైనంక చెప్పిండు. ఆ వెంటనే తెల్లచొక్క, నల్లద్దాలు కొనుక్కొని, పనిలేకున్నా పొద్దుగాలనే తయారై రోడ్డు మీదికి పోయేటోడు. ఏడికి అంటే మీటింగ్ అనేటోడు. చలికాలం పంట కోసుకునేదాక చేనును ముట్టమని ఆ ప్లాట్లోళ్లు మాటిచ్చిండ్రట.

నాయినమ్మ ఏడ్వలే, శాపనార్థాలు పెట్టలే. తుక్కుగూడ అవతల ఆమె తమ్మునికి ఇంకా భూమి ఉండె. అనప విత్తనం తెచ్చియ్యి అక్కా, నేను ఏసుకుంట, ఎన్నటికైనా నీ విత్తనం నీకిస్త అని ఆయన కబురు చేసిండు. ఇగ ఆ విత్తనం మీదనే పడ్డది ఆమె పానమంత. సోరబుర్రల ఉన్నదంత ఆ ఏడు చల్లేసినం, ఊర్ల ఇంకెవరింట్ల లేదు అది. ఆ ఏడు వానలు దొంగదెబ్బ తీసినయి, మేకలు రెండుసార్లు పడ్డయి. చూసి చూసి, నాతోని రుచి చూపించి, నాలుగంటే నాలుగు చెట్లకు పేలికలు కట్టింది. మిగిలిన చేనంత కోసుకొని తిన్నం. ఆ నాలుగు చెట్లు మాత్రం గట్టు పక్కన ఎర్రపేలికలతోని నిలబడ్డయి. కాయ నిండి బలుస్తుండె. ఇంకో పదిహేను రోజులైతే ఎండేటివి.

అదే టైంల పక్క చేన్ల ప్లాట్లోళ్లు పెద్ద తమాషా పెట్టిండ్రు. షామియానాలు, మైకులు, గాలి నింపిన రంగురంగుల బుగ్గలు. పట్నంకెళ్లి బస్సులల్ల జనాలను పోసుకొచ్చి ఒక్కొక్కరికి ఒక టోపి పెట్టిండ్రు. సోకు చేసుకున్న మొగోడొకడు స్టేజీ మీద నిలబడి, ఇన్నేండ్లు ఇది ఖాళీ జాగ, ఇప్పుడు దీనికి ప్రాణం పోస్తున్నం అన్నడు. కందికట్టె కొయ్యలు కాళ్లకు గుచ్చుకుంటున్నా వాళ్లకు ఖాళీ జాగనే కనబడ్డది. మా బాపు ముందు వరుసల కూసొని చప్పట్లు కొట్టిండు. వాళ్ల తిండి ఇంకో తమాషా. చుట్టూ చేన్లున్నయి, గాని వండిన కూర ఒక్కటి ఆ మట్టిల మొలిచింది లేదు. ఎర్రరంగు కలిపిన గోబి, ఎర్రరంగు కలిపిన అన్నం. నాకేమో అది స్వర్గంలెక్క కనబడ్డది. గట్టు మీద నిలబడి చూస్తున్న.

అప్పుడొక మేడం ఫోటో దిగేతందుకు మా గట్టు మీదికొచ్చింది. చేతుల కంచం ఉంది. మంచి చీర, మంచి వాసన. నన్ను చూసి నవ్వి, “పాపా, ఇవేం కాయలు? మందులేం కొట్టలేదు కదా? కొంచెం కోసిస్తావా, ఇంటికి పట్టుకెళ్తాను” అన్నది. నన్ను అంత ముద్దుగ అప్పటిదాక ఎవరు పాపా అనలే. మా ఊర్ల ఇంతకన్న మంచి అనపకాయ లేదని చెప్పిన. అది నిజమే, నేనే ఎంచిన గదా.

పేలికలు చూడలేదని అనను. చూసిన. నేనొక తెలివి చేసిన. కాయ ఇంత బలిసింది, లోపల గింజ తయారై ఉంటది, ఎండుడు ఒక్కటే తక్కువ అనుకున్న. ఆమెకు సంచి నింపి, చివర్ల రెండు పిడికిళ్లు నా లంగల మూటగట్టుకున్న, ఇంటి మీద పెంకల పైన ఎండబెడితే పదిహేను రోజుల పని రెండు రోజులల్ల అయితదని. నాయినమ్మ మెచ్చుకుంటదని కూడ అనుకున్న. చెట్టు మీద పాలు తాగుతున్న గింజను మధ్యల తెంపితే అది ముడుచుకొని తాలైతదని, మొలకెత్తదని, ఆ ఊర్ల పుట్టి నాకు తెల్వలే. తిని రుచి చెప్పుడే వచ్చు నాకు.

మేడం సంతోషపడి తన కంచంల గోబి నా చేతుల పెట్టింది. తిన్న. సల్లారి బంకలెక్క అయింది, పుల్లగ ఉన్నది, రంగు నాలుకకు పట్టింది. ఎలా ఉంది పాపా అని అడిగింది. మస్తున్నది మేడం అన్న. ఆమె నా బుగ్గ గిల్లి పోయింది.

పొద్దుగూకకముందే బస్సులు పోయినయి. నాయినమ్మ బర్రెను తోలుకొని వస్తూ బోడిచెట్లకు వేలాడే నాలుగు పేలికలు చూసింది. నన్ను పిలిచింది. నేను లంగమూట విప్పి చూపి, పెంకల మీద ఎండబెడుదాం అని నా తెలివి చెప్పిన. ఆమె ఒక కాయ ఒలిచి, పచ్చిగింజను గోటితోని నొక్కి చూసి, చేతులనే ఉంచుకున్నది. మిగిలినయి ఏవని అడిగితే చెప్పిన. ఇద్దరం షామియానా కిందికి పోయినం. కాయితం కంచాల కుప్పల, టేబుల్ కింద, నా సంచి అట్లనే పడి ఉన్నది. మేడం మరిచిపోయింది. దాని మీద ఎవరో ఎర్రకూర పారబోసిండ్రు.

నాయినమ్మ కింద కూసొని ఒక్కో కాయను కొంగుతోని తుడిచి ఒళ్లో వేసుకున్నది. తుడుస్తూనే అడిగింది.

“ఆమె నీకేం పెట్టింది?”

“గోబి.”

“ఎట్లున్నదే?”

“మంచిగలేకుండె నాయినమ్మ. పుల్లగుండె.”

“ఆమె అడగలేదా?”

“అడిగింది.”

“ఏం చెప్పినవ్?”

“మస్తున్నదని.”

ఆమె తుడుసుడు ఆపింది. నా దిక్కు చూసింది. కోపం లేదు ఆ చూపుల. శంషాబాద్ బజార్ల వాడిన కూరలమ్మేటోళ్లను చూసే చూపు అది, నా మీద ఎన్నడు పడనిది.

“ఇగ నీ నాలుక నాకెందుకు” అన్నది.

ఆ కాయలన్ని ఆ సాయంత్రమే ఉడకబెట్టింది. మా బాపు కంచం కాడ కూసొని, అనపకాయలే గదనే, బజార్ల దొర్కయా అన్నడు. ఆమె ఆయన కంచంల ఇన్ని కాయలు వేసింది. అందరికి పెట్టి, తను కూడ తిన్నది. అంత తియ్యటి అనపకాయ నేను మళ్ల తినలే. ఎట్లున్నయని ఆమె ఎవర్ని అడగలే. నేను చెప్దామని నోరు తెరిస్తే లేచిపోయి బర్రె కాడ నిలబడ్డది. అయినా లంగమూటల కాయలను నేను పెంకల మీద ఎండబెట్టిన. వారానికి వడిలి ముడుతలు పడ్డయి. తీస్కపోయి చూపితే బూడిదల కలపకుండ పొయ్యిల వేసింది. తమ్మునికి ఏం కబురు చేసిందో నాకు తెల్వదు.

చేను చదునయింది. మేము శంషాబాద్ల ఇల్లు తీసుకున్నం, బాపుకు మీటింగులు ఎక్కువైనయి, అమ్మ అన్ని కాలాలల్ల అన్ని కూరలు కొనుడు నేర్చింది. నాయినమ్మ పెట్టింది తినేది. ఇంకో ఆరేండ్లు బతికింది, పండుగలకు తనే వండేది. కూర దించినంక గంటె పట్టుకొని కొద్దిసేపు నిలబడేది. నేను పక్కనే ఉండేదాన్ని. ఉప్పు సరిపోయిందా అని అడగకపోయేది. ఉప్పు ఎక్కువైతే ఎక్కువనే తినేది. అడగవే ఒక్కసారి అని లోపల మొత్తుకునేదాన్ని, బయటికి అనలే. ఆఖరికి దవాఖానల, నేను జావ తాగిపిస్తుంటే, ఇది చప్పగున్నది నాయినమ్మ, ఉప్పెయ్యమంటవా అని నేనే అడిగిన. మొఖం అటు తిప్పుకున్నది.

ఇగ ఆ ‘తోట’ల సంగతి. నా నోట్ల ఉన్న నాలుగు గింజలకు రుచి లేదు, వాసన లేదు, తోలు పండ్లకు పట్టుకున్నది. చేతులు వాసన చూసుకున్న. అనపకాయ ముట్టిన చేతికి రెండు రోజులు వాసన పోదు. నా చేతికి సబ్బు వాసనొచ్చింది. ఎనిమిది మంది చూస్తున్నరు. పాఠం చెప్పినాయన కూడ నిలబడ్డడు, గొంగడి సర్దుకుంటున్నడు. ఇంతసేపు ఆ చాటలను, ఆ గీరను, ఆ బోర్డును లోపల ఎన్ని తిట్లు తిట్టిన్నో లెక్కలేదు. అందరికన్న నేనే పెద్ద తెలిసినదాన్నని నిక్కినదాన్ని.

మేనేజర్ సారు నవ్వుకుంట, “చెప్పండి” అన్నడు.

“సేమ్ టు సేమ్ సార్” అన్న. “అచ్చం మా నాయినమ్మ చేసినట్టే ఉన్నయి.”

అందరు సంతోషపడ్డరు. గొంగడాయన నా మాటను బోర్డు మీద రాసుకుంటనన్నడు, రాసుకోమన్న. గురిగిల మిగిలిన పదహారు గింజలు కూడ ఒక్కటి వదలకుండ తిన్న.